రొమ్ము తీసేశాక రీకన్‌స్ట్రక్షన్: ముందు తేలాల్సింది రేడియేషన్ సంగతి

రొమ్ము క్యాన్సర్ అని రిపోర్టు చేతికొచ్చాక ఆపరేషన్ దాకా ఉండేది కొన్ని వారాలే. ఆ కొన్ని వారాల్లోనే స్కానింగులు, రెండో డాక్టరు అభిప్రాయం, డబ్బు సర్దుబాటు, ఆఫీసులో సెలవు, పిల్లల్ని ఎవరింట్లో ఉంచాలి అన్నవన్నీ మీద పడతాయి. ఇన్నిటి మధ్య, రొమ్ము తీసేశాక ఆ చోట మళ్ళీ రొమ్మును మలిచే రీకన్‌స్ట్రక్షన్ చేయించుకోవాలా వద్దా అన్న ప్రశ్న చాలామంది ఆడవాళ్ళ దగ్గరికి రానే రాదు. వచ్చినా "ప్రాణం ముఖ్యం కదమ్మా, అవన్నీ తర్వాత చూద్దాం" అని ఇంట్లోవాళ్ళే జవాబు చెప్పేస్తారు. ప్రాణం ముఖ్యమే, అందులో రెండో మాట లేదు. అయితే తర్వాత చూద్దాం అనుకున్నప్పుడు కొన్ని దారులు మూసుకుపోతాయి. ఉదాహరణకు, రొమ్ము మీది చర్మాన్ని కాపాడి లోపలి కణజాలం మాత్రమే తీయడం మొదటి ఆపరేషన్‌లోనే కుదురుతుంది. కోసి పారేసిన చర్మం మళ్ళీ రాదు.

హైదరాబాద్‌లో ఈ ఆపరేషన్లన్నీ చేసే సర్జన్లు ఉన్నారు. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికి, పంజాగుట్ట నిమ్స్‌కి, బంజారాహిల్స్ బసవతారకం ఆస్పత్రికి రెండు రాష్ట్రాల జిల్లాల నుంచీ జనం వస్తారు. ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. కార్పొరేట్ ఆస్పత్రుల సంగతి చెప్పనక్కర్లేదు. ఇంప్లాంటా (లోపల పెట్టే సిలికాన్ రొమ్ము), పొట్ట ఫ్లాపా (పొట్ట నుంచి తీసిన సొంత చర్మం, కొవ్వుతో మలిచేది), ఏది మంచిదని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. నా మటుకు ఆ ప్రశ్న అడగడానికి ముందే తేలాల్సిన సంగతి ఇంకొకటి ఉంది: మీకు రేడియేషన్ పడుతుందా, లేదా? మిగతా ఎంపికలన్నీ దాని వెనకాలే నడుస్తాయి.

అంతకంటే ముందు ఇంకో మాట. అసలు రొమ్ము మొత్తం తీయాలా అని ఒకసారి గట్టిగా అడగండి. గడ్డను, దాని చుట్టూ కొంత భాగాన్ని మాత్రమే తీసి రేడియేషన్ ఇస్తే, మొత్తం తీసినవాళ్ళతో సమానంగానే బతుకుతారని అమెరికాలోనూ ఇటలీలోనూ ఇరవై ఏళ్ళపాటు రోగులను గమనించిన రెండు పెద్ద పరిశోధనలు 2002లో తేల్చి చెప్పాయి. గడ్డ పెద్దదైతే ముందు కీమో ఇచ్చి, చిన్నదయ్యాక తీసే వీలు కూడా చాలామందికి ఉంటుంది. "మొత్తం తీసేస్తే పీడా పోతుంది" అన్న భయంతోనే కొందరు రొమ్మును వదులుకుంటున్నారు. ఒకే రొమ్ములో రెండు మూడు చోట్ల గడ్డలున్నా, రేడియేషన్ ఇవ్వలేని పరిస్థితి ఉన్నా, వంశపారంపర్యంగా బీఆర్‌సీఏ జన్యువులో లోపం ఉన్నా లెక్క మారుతుంది. అలాంటిదేమీ లేనప్పుడు రొమ్మును నిలుపుకునే ఆపరేషన్ గురించి అడగడం మీ హక్కు.

రేడియేషన్ ఎందుకంత ముఖ్యం

మనవాళ్ళు కరెంటు పెట్టడం అనే ఈ చికిత్స, రొమ్ము తీసేసిన తర్వాత అందరికీ అవసరం రాదు. చంకలో నాలుగు గాని అంతకు మించి గాని లింఫ్ గ్రంథులకు క్యాన్సర్ పాకినా, గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా సాధారణంగా ఇస్తారు. ఒకటి నుంచి మూడు గ్రంథులకే ఉంటే మిగతా వివరాలు కూడా చూసి నిర్ణయిస్తారు. ఈ రోజుల్లో చాలాచోట్ల మూడు వారాల్లో 15 సిట్టింగులతో, కొన్ని సందర్భాల్లో ఐదు వారాల్లో 25 సిట్టింగులతో ముగుస్తుంది. ఆపరేషన్‌కి ముందు కీమో తీసుకున్నవాళ్ళకు మొదట్లో గడ్డ ఎంతుంది, గ్రంథుల్లో ఏముంది అన్నదాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు. అందుకని రేడియేషన్ పడే అవకాశం ఎంతో చాలామంది విషయంలో కత్తి పెట్టకముందే దాదాపుగా చెప్పేయొచ్చు.

ఒంట్లో పరాయి వస్తువు ఏది పెట్టినా శరీరం దాని చుట్టూ మచ్చ కణజాలంతో ఒక పొర అల్లుకుంటుంది. సిలికాన్ ఇంప్లాంట్ చుట్టూ అల్లుకునే పొర మామూలుగా పల్చగా, మెత్తగా ఉండి ఇబ్బంది పెట్టదు. రేడియేషన్ తగిలిందంటే అదే పొర మందమై, ముడుచుకుపోయే ప్రమాదం బాగా పెరుగుతుంది. రొమ్ము గట్టిపడి, పైకి జరిగి, కొందరికి నొప్పి కూడా వస్తుంది. గాయం మానకపోవడం, చీము పట్టడం, చివరికి ఇంప్లాంట్ తీసేయాల్సి రావడం కూడా రేడియేషన్ పడినవాళ్ళలోనే ఎక్కువ. సొంత కండతో, కొవ్వుతో చేసే రీకన్‌స్ట్రక్షన్ దీన్ని మెరుగ్గా తట్టుకుంటుంది, ఎందుకంటే అది రక్తప్రసారం ఉన్న, బతికున్న కణజాలం. అయితే ఫ్లాప్ పెట్టాక దాని మీద రేడియేషన్ పడితే అదీ కొంత కుంచించుకుపోవచ్చు. అందుకే రేడియేషన్ తప్పదని తెలిసినవాళ్ళకు చాలామంది సర్జన్లు ముందు రొమ్ము తీసి, రేడియేషన్ పూర్తయ్యాక ఆరు నెలల నుంచి ఏడాది ఆగి ఫ్లాప్ చేద్దామంటారు. చర్మం ముడుచుకుపోకుండా మధ్యకాలంలో ఎక్స్‌పాండర్ అనే సంచిని పెట్టి ఉంచడం ఇంకో మార్గం.

దీన్ని ఎంపిక చేసుకునేది ఒక్క సర్జన్‌తో మాట్లాడి కాదు. క్యాన్సర్ సర్జన్, కీమో డాక్టరు, రేడియేషన్ డాక్టరు, ప్లాస్టిక్ సర్జన్ కలిసి కూర్చునే సమావేశాన్ని ట్యూమర్ బోర్డు అంటారు. "నా కేసు ట్యూమర్ బోర్డులో పెట్టారా? ప్లాస్టిక్ సర్జన్ ఉన్నారా?" అని అడగడానికి మొహమాటపడకండి. రొమ్ము తీసే ఆపరేషన్ తేదీ ఖరారయ్యాక ప్లాస్టిక్ సర్జన్‌ను కలవడం అంటే చాలావరకు ఆలస్యమైనట్టే.

ఇంప్లాంట్ దారి

రేడియేషన్ అక్కర్లేని, రొమ్ములు చిన్నగానో మధ్యస్థంగానో ఉన్న, పొట్ట మీద కొవ్వు పెద్దగా లేని సన్నటి మనిషికి ఇంప్లాంట్ మంచి దారి. ఆపరేషన్ చిన్నది, ఆస్పత్రిలో ఒకటి రెండు రాత్రులు, ఒంట్లో ఇంకోచోట కోత ఉండదు. చర్మం చాలినంత ఉంటే ఒకేసారి ఇంప్లాంట్ పెట్టేస్తారు. లేదంటే ముందు ఎక్స్‌పాండర్ పెడతారు. గాయం మానాక వారానికో, రెండు వారాలకో ఒకసారి వెళితే, చర్మం కింద ఉన్న చిన్న పోర్టులోకి సూది గుచ్చి కొంచెం కొంచెంగా సెలైన్ నింపుతారు. బిగుతుగా, బరువుగా అనిపించి రెండు రోజులు ఒళ్ళు నొప్పులుగా ఉంటుంది. చర్మం సాగాక కొన్ని నెలలకు రెండో ఆపరేషన్ చేసి అసలు ఇంప్లాంట్ పెడతారు. చాలా ఎక్స్‌పాండర్ల పోర్టులో అయస్కాంతం ఉంటుంది, అది లోపల ఉన్నంతకాలం ఎమ్మారై తీయకూడదు. నడుంనొప్పికో తలనొప్పికో వేరే డాక్టరు ఎమ్మారై రాస్తే ఈ మాట చెప్పాల్సింది మీరే.

ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదు. కాలం గడిచేకొద్దీ గట్టిపడటమో చిట్లడమో జరిగే అవకాశం పెరుగుతూ పోతుంది. నలభై ఏళ్ళకు పెట్టించుకున్న మనిషి, బతుకులో ఇంకో ఆపరేషన్ ఉంటుందన్న లెక్కతోనే పెట్టించుకోవాలి. సిలికాన్ ఇంప్లాంట్ లోపల చిట్లితే బయటికి ఏమీ తెలియకపోవచ్చు. అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, పెట్టిన ఐదారేళ్ళకు ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్ళకోసారి ఎమ్మారై గాని అల్ట్రాసౌండ్ గాని చేయించుకోమంటుంది. పైభాగం గరుకుగా ఉండే కొన్ని రకాల ఇంప్లాంట్ల చుట్టూ లింఫోమా అనే అరుదైన క్యాన్సర్ వస్తోందని తేలడంతో 2019 జులైలో అలెర్గాన్ కంపెనీ తన బయోసెల్ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మీకు పెట్టేది నునుపు రకమా, గరుకు రకమా అని అడగండి. డిశ్చార్జి అయ్యేటప్పుడు కంపెనీ పేరు, సీరియల్ నంబరు ఉన్న కార్డు తప్పక తీసుకోండి. ఆ కార్డును ఆధార్, పాలసీ కాగితాలు పెట్టే చోటే పెట్టండి.

మన ఆడవాళ్ళ పొట్టలు, పాత కోతలు

సొంత కణజాలంతో చేసేవాటిలో ఎక్కువగా వాడేది పొట్ట. బొడ్డు కింది చర్మాన్నీ కొవ్వునూ తీసుకుని రొమ్ముగా మలుస్తారు. 1982లో అమెరికన్ సర్జన్ హార్ట్రాంఫ్ ప్రచారంలోకి తెచ్చిన ట్రామ్ ఫ్లాప్‌లో పొట్ట కండరాన్ని కూడా కలిపి తిప్పుతారు. తర్వాత పదేళ్ళలో వచ్చిన డీప్ ఫ్లాప్‌లో కండరాన్ని అక్కడే వదిలేసి, దాని గుండా వచ్చే సన్నటి రక్తనాళాలను విడదీసి, ఛాతీలోని రక్తనాళాలకు మైక్రోస్కోపు కింద కుడతారు. ట్రామ్‌లో కండరం పోతుంది కాబట్టి పొట్ట వదులై ఉబ్బడం, హెర్నియా రావడం ఎక్కువ. డీప్‌లో ఇవి తక్కువ. మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. నేలమీద కూర్చుని లేచేవాళ్ళు, నాట్లు వేసేవాళ్ళు, పత్తి తీసేవాళ్ళు, నీళ్ళ బిందె ఎత్తేవాళ్ళు పొట్ట కండరం మీద ఆధారపడి బతుకుతున్నారు. అలాంటి మనిషికి ట్రామ్ చేస్తామంటే, "డీప్ ఎందుకు కుదరదు?" అని అడిగి కారణం తెలుసుకోవాలి.

ఇక్కడే మన తెలుగు ఆడవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. దేశంలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, గర్భసంచి తీయించుకోవడాలు బాగా ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందుంటాయి. సిజేరియన్లు ఎలాగూ ఎక్కువే. కాబట్టి ప్లాస్టిక్ సర్జన్ ముందుకొచ్చే పొట్ట మీద పాత కోత ఉండటం మామూలు. "నా పొట్ట ముందే కోశారు, ఇక ఇది నాకు పనికిరాదు" అని చాలామంది తామే తీర్మానించుకుంటారు. అది నిజం కాదు. బికినీ లైన్ దగ్గర అడ్డంగా ఉండే సిజేరియన్ కోత, కు.ని. ఆపరేషన్ చిన్న కోత సాధారణంగా డీప్ ఫ్లాప్‌కి అడ్డు రావు. బొడ్డు కింద నిలువుగా ఉండే పాత గర్భసంచి ఆపరేషన్ కోతైతే, గీత దాటి అవతలి వైపుకు రక్తం సరిగా అందకపోవచ్చు. అప్పుడు సగం పొట్టనే వాడుకోవాల్సి రావచ్చు. పొట్ట తగ్గించుకునే టమ్మీ టక్ ముందే చేయించుకున్నవాళ్ళకు మాత్రం ఈ దారి మూసుకుపోయినట్టే. ఆపరేషన్‌కి ముందు సీటీ యాంజియోగ్రామ్ తీస్తే ఏ రక్తనాళం ఎక్కడుందో, ఎంత లావుందో కనపడుతుంది. మీ పాత ఆపరేషన్ల గురించి చెప్పేటప్పుడు చిన్నదే కదా అని ఏదీ దాచకండి.

డీప్ ఫ్లాప్ ఆపరేషన్‌కి ఆరు నుంచి ఎనిమిది గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ తర్వాతి రెండు రోజులు అసలు పరీక్ష. నర్సు గంట గంటకూ వచ్చి కొత్త రొమ్ము మీద చెయ్యి వేసి వెచ్చగా ఉందా చూస్తుంది, వేలితో నొక్కి వదిలి రంగు ఎంతసేపట్లో తిరిగొస్తోందో గమనిస్తుంది, పెన్ను లాంటి డాప్లర్‌ను కుట్టు గుర్తు దగ్గర ఆనించి రక్తం పారే చప్పుడు వింటుంది. అర్ధరాత్రి రెండింటికి ఆ చప్పుడు ఆగినా, ఫ్లాప్ నీలంగా మారినా, వెంటనే థియేటర్‌కు తీసుకెళ్ళి రక్తనాళాన్ని సరిచేయాలి. గంటలు గడిస్తే ఫ్లాప్ దక్కదు. అనుభవమున్న చోట ఫ్లాప్ పూర్తిగా పోవడం నూటికి ఒకటి నుంచి మూడు కేసుల్లోనే జరుగుతుంది. కాబట్టి ఆస్పత్రి భవనం ఎంత తళతళలాడుతోందని చూడొద్దు. "ఇక్కడ ఏడాదికి ఎన్ని మైక్రోసర్జరీ ఫ్లాపులు చేస్తారు? రాత్రిపూట తేడా వస్తే తిరిగి ఆపరేషన్ చేసే సర్జన్ ఎవరు, ఎంతసేపట్లో వస్తారు?" అన్న రెండు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు వచ్చే చోటు చూసుకోండి.

ఇంటికొచ్చాక కొన్నాళ్ళు నిటారుగా నిలబడలేరు. పొట్ట కుట్లు లాగుతాయి కాబట్టి ముందుకు వంగి నడవాలి, మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని పడుకోవాలి. గాయంలో ఊరే నీరు పట్టే డ్రెయిన్ డబ్బాలు పక్కనే వేలాడుతుంటాయి. రోజూ ఎన్ని ఎంఎల్ వచ్చిందో కాగితం మీద రాయాలి. రోజుకు 30 ఎంఎల్ లోపుకు తగ్గితే మామూలుగా తీసేస్తారు. ఆరు నుంచి ఎనిమిది వారాలు బకెట్లు, బిందెలు, చంటిపిల్లలు, ఏదీ ఎత్తకూడదు. ఇంట్లో వంటపని, బట్టల పని ఎవరు చేస్తారన్నది తేలకుండా ఈ ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. మరిచిపోతారేమో, షుగర్ అదుపులో ఉండాలి. సిగరెట్, చుట్ట, గుట్కా, ఖైనీ ఏదైనా నికోటిన్ సన్నటి రక్తనాళాలను బిగిస్తుంది. ఆపరేషన్‌కి కనీసం నాలుగు వారాల ముందు నుంచే మానాలి.

పొట్ట కుదరకపోతే వీపు కండరంతో చేసే ఎల్‌డీ ఫ్లాప్ ఉంది. దాని రక్తనాళాన్ని తెంచకుండా చంక కింది నుంచి ముందుకు తిప్పుతారు, మైక్రోస్కోపు అక్కర్లేదు, అందుకే ఎక్కువ ఆస్పత్రుల్లో దొరుకుతుంది. నమ్మకమైన ఫ్లాప్. అయితే దానితో వచ్చే పరిమాణం తక్కువ కాబట్టి చాలామందికి లోపల చిన్న ఇంప్లాంట్ కూడా అవసరమవుతుంది. వీపులో కొన్ని వారాలు నీరు చేరుతుంటుంది. చేతులు ఆనించి కుర్చీలోంచి లేవడం, పైనున్న బరువు కిందికి లాగడం లాంటివాటిలో కొంత బలం తగ్గొచ్చు.

ఏమీ చేయించుకోకపోవడం

మా పెద్దమ్మకు అరవై దాటాక ఈ ఆపరేషన్ అయింది. డాక్టరు ఆప్షన్లన్నీ చెబుతూ మా అన్నయ్య వైపే చూస్తున్నాడు. "ఈ వయసులో ఆమెకు అవన్నీ ఎందుకులెండి" అని అన్నయ్య అనగానే పెద్దమ్మ, "నన్నడుగు నాయనా, ఒళ్ళు నాది" అంది. అన్నీ విని, తనే వద్దనుకుంది. ఆమె కోరిందల్లా ఛాతీ చదునుగా, మడతల్లేకుండా కుట్టమని. ఇదీ ఒక ఆపరేషనే, దీనికీ నైపుణ్యం కావాలి. 2020లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ దీన్ని ఒక పద్ధతిగా గుర్తించి నిర్వచనం కూడా ఇచ్చింది. ముందుగా చెప్పకపోతే చంక కింద చర్మం కుచ్చుగా మిగిలిపోతుంది. జాకెట్ కుట్టు రోజంతా దానికి రాసుకుని హైదరాబాద్ ఎండలో చెమటకు ఒరుసుకుపోతుంది. వయసు ఎంతైనా, ఆరోగ్యం బాగుంటే రీకన్‌స్ట్రక్షన్‌కి అర్హత ఉంటుంది. వద్దనుకునే అర్హత కూడా ముప్పై ఏళ్ళ అమ్మాయికి అంతే ఉంటుంది. ఎవరి తరఫునా ఇంకెవరూ జవాబు చెప్పకూడదు.

వద్దనుకున్నవాళ్ళకు బయట పెట్టుకునే ప్రొస్థెసిస్ ఉంది. గాయం మానేదాకా తేలికైన దూది లేదా నూలు అల్లిన ప్యాడ్, ఆరు వారాల తర్వాత బరువున్న సిలికాన్ రొమ్ము. బరువు ఉండటం మంచిదే, ముఖ్యంగా రెండో రొమ్ము పెద్దదైతే బ్రా ఒకవైపుకు జారకుండా ఉంటుంది. జాకెట్లు కుట్టే ఆమెకు చెప్పి లోపల మెత్తటి నూలుగుడ్డతో జేబు కుట్టించుకుంటే ప్యాడ్ కదలదు. చెయ్యి వాచే అవకాశం ఉన్నవాళ్ళు చేతి పట్టీ బిగుతుగా లేకుండా చూసుకోవాలి.

ఏ దారి ఎంచుకున్నా ముందుగా ఒప్పుకోవాల్సిన నిజం, కొత్త రొమ్ముకు స్పర్శ చాలావరకు ఉండదు. చనుమొనను కాపాడే ఆపరేషన్‌లో కూడా అది కంటికి కనిపిస్తుందే గాని మునుపటిలా స్పందించదు. దీన్ని కౌన్సెలింగ్‌లో చెప్పకపోవడం అన్యాయమని నా అభిప్రాయం, దంపతులిద్దరికీ కలిపి చెప్పాలి. ఇంట్లో జాగ్రత్త కూడా అవసరం. వేడినీళ్ళ సంచి పెట్టుకుని కునుకు తీసినవాళ్ళకు, పొయ్యి దగ్గర ఆవిరి తగిలినవాళ్ళకు బొబ్బలెక్కేదాకా తెలియని సందర్భాలుంటాయి. చనుమొన లేకపోతే కొన్ని నెలల తర్వాత అక్కడి చర్మంతోనే మలిచి, రంగు కోసం టాటూ వేస్తారు. ఒత్తిడిలో లేకుండా నిదానంగా నిర్ణయించుకోగలిగిన భాగం ఇదొక్కటే.

క్యాన్సర్ తిరిగొస్తే రీకన్‌స్ట్రక్షన్ దాన్ని కప్పేస్తుందేమోనని చాలామంది భయం. రీకన్‌స్ట్రక్షన్ వల్ల క్యాన్సర్ తిరగబెట్టే ప్రమాదం పెరగదు, కనిపెట్టడమూ ఆగిపోదు. కొత్త రొమ్మును డాక్టరు చేత్తో పరీక్షిస్తారు, రెండో రొమ్ముకు ఏటా మామోగ్రామ్ కొనసాగాలి.

డబ్బు, కాగితాలు

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ జరుగుతాయి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పరిమితి ఉంది. అయితే మీకు చెప్పిన రీకన్‌స్ట్రక్షన్ ఏ ప్యాకేజీ కింద వస్తుందో, ఇంప్లాంట్ ఖర్చు అందులో కలుస్తుందో లేదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్ర చేత ముందే తేల్పించుకోవాలి. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళను "ఇది కాస్మెటిక్, కవర్ కాదు" అని బీమా క్లెయిములు చూసే టీపీఏ డెస్కులో వెనక్కి పంపితే, ఊరుకోవద్దు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండాలని రాసిన మినహాయింపుల్లో ఎనిమిదోది కాస్మెటిక్ సర్జరీ. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే రీకన్‌స్ట్రక్షన్‌కు ఈ మినహాయింపు వర్తించదని అక్కడే ఉంది. మీ పాలసీ పుస్తకంలో ఆ వాక్యం వెతికి గీత గీసి చూపించండి. ఆపరేషన్‌కి ముందే బీమా అనుమతి కోరే ప్రీ-ఆథరైజేషన్ ఫారంలో "రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత రీకన్‌స్ట్రక్షన్" అని డాక్టరు చేత స్పష్టంగా రాయించండి. రెండో రొమ్మును దీనికి సరిపోయేలా తగ్గించే ఆపరేషన్, తర్వాతి ఏళ్ళలో ఇంప్లాంట్ మార్పు, వీటిపైనే తగువులు ఎక్కువ వస్తాయి, రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి.

ఎప్పుడో ఆపరేషన్ అయిపోయి, అప్పట్లో ఎవరూ చెప్పక, ఇప్పుడు ఇది చదువుతున్నవాళ్ళకు కూడా దారి ఉంది. ఐదేళ్ళయినా పదేళ్ళయినా రీకన్‌స్ట్రక్షన్ చేయించుకోవచ్చు. రేడియేషన్ పడి చర్మం బిగుసుకుపోయిన ఛాతీకి ఎక్కువగా పొట్ట ఫ్లాపే సరిపోతుంది, ఎందుకంటే కొత్త చర్మం కూడా దానితోనే వస్తుంది. ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్ళేటప్పుడు అప్పటి ఆపరేషన్ నోట్స్, బయాప్సీ రిపోర్టు, రేడియేషన్ ఇచ్చిన ఆస్పత్రి నుంచి ఎంత మోతాదు, ఎన్ని సిట్టింగులు అన్న సమ్మరీ, చివరిసారి చేయించిన స్కానింగ్, ఇప్పుడు వాడుతున్న మాత్రల చీటీ తీసుకెళ్ళండి. టామాక్సిఫెన్ అనే హార్మోన్ చికిత్స మాత్ర వాడుతుంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం కొంత ఉంటుంది కాబట్టి ఆపరేషన్ ముందు ఎన్నాళ్ళు ఆపాలో సర్జన్, కీమో డాక్టరు ఇద్దరూ మాట్లాడుకుని చెబుతారు. మీ అంతట మీరు ఆపొద్దు.